నేను, తను, పాప... ఏ దేశం రానిస్తుంది?

"సార్, పాప పేరు ఇప్పుడు పెట్టొద్దు. ముందు మీరిద్దరూ వెళ్లిపోండి. పీఆర్ వచ్చాక పాపని స్పాన్సర్ చేసుకుందురు గానీ. చాలా సింపుల్ సార్!"

హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ అతను ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నాకూ సింపుల్‌గానే అనిపించింది. అప్పటికే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఫారం ల్యాప్‌టాప్‌లో సగం నింపి పెట్టుకున్నా. డిపెండెంట్ పిల్లలు ఎంతమంది అన్న గడిలో సున్నా కొట్టడమే మిగిలింది.

ఆ రాత్రి ఎందుకో ఆగాను. ఆగకపోతే ఏమయ్యేదో తర్వాత చెప్తా. ముందు మా సంగతి.

మాది గుంటూరు. 2018లో బీటెక్ అయింది. కొన్నాళ్లు హైదరాబాద్‌లో కోడ్ రాసి, 2022లో సింగపూర్ వచ్చా. తనది ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరు. ఇక్కడే ఓ చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. ఎలా కలిశాం, ఎవరు ముందు చెప్పారు లాంటివి ఇంకోసారి. అసలు విషయం ఏంటంటే తనకి ఒక పాప ఉంది. ఎనిమిదేళ్లు. ఇలోయిలోలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. వాళ్ల భాషలో అమ్మమ్మని 'లోలా' అంటారు. నన్ను పాప 'టిటో' అంటుంది. మనం బాబాయ్, మావయ్య అని విడివిడిగా పిలిచే అందరికీ వాళ్లది ఒకటే మాట.

ఫిలిప్పీన్స్ వాళ్లకి సింగపూర్ రావడానికి వీసా అక్కర్లేదు, 30 రోజులు ఉండొచ్చు. కాబట్టి స్కూలు సెలవులప్పుడు పాప వస్తుంది. మొదటి వారం నాతో మాట్లాడదు. రెండో వారం నుంచి నా ఫోన్ నాకు దొరకదు. నాలుగో వారంలో ఎయిర్‌పోర్టు దగ్గర తల్లీకూతుళ్లిద్దరూ ఏడుస్తుంటే నేను ట్రాలీ పట్టుకుని నిలబడతా. ఇలా మూడుసార్లయింది. ఈలోగా నిరుడు లోలాకి చిన్నగా పక్షవాతం వచ్చి తగ్గింది. ఆమెకి 71. ఇక 'చూద్దాంలే' అనడానికి లేకుండా పోయింది.

తెలుగులో ఆ మాటే బాలేదు

వీసా ఫారాల్లో పాపని 'స్టెప్ చైల్డ్' అంటారు. బాగానే ఉంది. దాన్ని తెలుగులో మా అమ్మకి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. సవతి కూతురు! ఆ మాట వినగానే సీరియల్లో కళ్లు పెద్దవి చేసే ఆంటీలే గుర్తొస్తారు. చివరికి "తనకో పాప ఉందమ్మా" అన్నా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "అన్నం తింటుందా, బ్రెడ్డా?" అన్నమే తింటుందని, మూడు పూటలా అదేనని చెప్పా. "సరేలే" అంది. సగం యుద్ధం అక్కడే ముగిసింది. మిగతా సగం ఎంబసీలతో.

సింగపూర్‌లోనే ముగ్గురం ఉండొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. మేమూ ముందు అదే చూశాం. ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెల జీతం కనీసం 6,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. తన జీతం అంత లేదు, నాకుంది. అయితే నా జీతం మీద పాప రావాలంటే నాకూ పాపకీ కాగితం మీద సంబంధం ఉండాలి. భార్యకి, సొంత పిల్లలకి, చట్టప్రకారం దత్తత తీసుకున్న పిల్లలకి డిపెండెంట్ పాస్ ఇస్తారు. సవతి బిడ్డకి ఇచ్చేది అది కాదు, లాంగ్ టర్మ్ విజిట్ పాస్ అని వేరే ఉంది. 21 ఏళ్ల లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు, మా పెళ్లి సర్టిఫికెట్ చూపించాలి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆ పాస్ నా ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే నా పాస్ రద్దవుతుంది, దాంతోపాటు పాపదీ పోతుంది. సర్దుకోవడానికి 30 రోజులు. మన ఫీల్డ్‌లో లేఆఫ్ మెయిల్ ఏ సోమవారం పొద్దున వస్తుందో ఎవరికి తెలుసు? ఎనిమిదేళ్ల పిల్లని ఒకసారి ఊరి నుంచి, లోలా నుంచి విడదీసి తెచ్చాక, "మేనేజర్ వద్దన్నాడు, మళ్లీ వెళ్లిపో" అని చెప్పలేం కదా. అందుకే ముగ్గురికీ పర్మినెంట్‌గా నిలిచే చోటు వెతకడం మొదలెట్టాం.

పెళ్లి ఎక్కడ? అన్నవరంలోనా, ఇలోయిలోలోనా?

"అన్నవరంలో చేసేద్దాం నాన్నా, సర్టిఫికెట్ వాళ్లే ఇస్తారు" అంది అమ్మ. ఇక్కడే చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తా. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. తను క్యాథలిక్. కొండ మీద మూడు ముళ్లు వేసినంత మాత్రాన ఆ చట్టం కింద రిజిస్టర్ కాదు. మాకు సరిపోయేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని ప్రకారం ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండాలి, తర్వాత నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు మీద ఇంకో 30 రోజులు ఆగాలి. లెక్క వేస్తే రెండు నెలలు. నాకున్న లీవులు 14.

దాంతో ఇలోయిలోలోనే చేసుకున్నాం. మన పాస్‌పోర్టుకి 2025 జూన్ నుంచి ఫిలిప్పీన్స్‌లో 14 రోజులు వీసా లేకుండా తిరిగే వీలుంది, అది చాలదు. అక్కడ మ్యారేజ్ లైసెన్స్ కోసం అప్లై చేస్తే మన పేర్లు మున్సిపల్ ఆఫీసు బోర్డు మీద పది రోజులు అంటించి ఉంచుతారు. అంతకుముందే, నాకు పెళ్లికి అడ్డంకి ఏమీ లేదని మన ఎంబసీ నుంచి కాగితం తేవాలి. అందుకని వీసా తీసుకుని, వర్క్ ఫ్రం హోమ్ బతిమాలుకుని వెళ్లా. పెళ్లికి ముందు జంటలకి క్లాసు కూడా ఉంటుంది. మాది హిలిగైనాన్ భాషలో జరిగింది. నాకు అర్థమైంది రెండే: కుటుంబ నియంత్రణ బొమ్మలు, మధ్యలో ఇచ్చిన బన్ను.

ఆ బోర్డు మీద నా పేరు చూసి మా పాపకి భలే నవ్వొచ్చింది. నా ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి రాశారు, గీత అవతలికి వెళ్లిపోయింది.

పేర్ల గొడవ నవ్వుతో అవ్వలేదు. మా ముగ్గురివీ మూడు ఇంటిపేర్లు. నాది గుంటూరు జిల్లాది. తనది పుట్టింటిది, పెళ్లయ్యాక కూడా మార్చుకోలేదు. పాపది కన్నతండ్రిది. వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. అయినా తండ్రి ఒప్పుకుంటే బిడ్డ ఆయన ఇంటిపేరు పెట్టుకోవచ్చని 2004లో అక్కడ చట్టం వచ్చింది. పాప పుట్టినప్పుడు ఆయన సంతకం పెట్టాడు, ఆ తర్వాత కొన్నాళ్లకి కనపడకుండా పోయాడు. అలా ఏ ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడినా మేం ముగ్గురు అపరిచితుల్లా కనిపిస్తాం.

ఆ ఒక్క సంతకం

ఏ దేశం రూల్స్ చూసినా ఒకచోటికే వచ్చి ఆగుతున్నాం: పాప రెండో పేరెంట్ ఏమంటున్నారు?

ఇది వేధింపు కాదు. ఒక పేరెంట్‌కి చెప్పకుండా ఇంకొకరు బిడ్డని దేశం దాటించేస్తే? ఆ భయంతోనే అందరూ అడుగుతారు. కెనడాకి ఐఎంఎం 5604 అని ఫారం ఉంది, రాని పేరెంట్ సంతకం పెట్టాలి. ఆస్ట్రేలియాకి ఫారం 1229. జర్మనీలో కూడా కస్టడీ ఇద్దరికీ ఉంటే రెండోవాళ్ల సమ్మతి కావాలి.

ఫిలిప్పీన్స్ కుటుంబ చట్టం ప్రకారం పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ మీద పూర్తి అధికారం తల్లిదే, బిడ్డ తండ్రి ఇంటిపేరు పెట్టుకున్నా సరే. అంటే కచ్చితంగా చెప్పాలంటే మాకు ఆ సంతకం అక్కర్లేదు. కానీ ఒట్టావాలోనో ఇంకెక్కడో కూర్చున్న ఆఫీసర్‌కి బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు కనిపిస్తుంది, ఫిలిప్పీన్స్ చట్టం కనిపించదు. కాబట్టి ఆ సెక్షన్ ప్రింటు, పాప పుట్టేనాటికి తనకి పెళ్లి కాలేదని రుజువు, సోలో పేరెంట్‌గా మున్సిపాలిటీ ఇచ్చే ఐడీ కార్డు, పాప స్కూలు ఫీజుకి నెలనెలా పంపిన డబ్బు రసీదులు... అన్నీ ఒక ఫైలు చేశాం.

ఫైలు చేశాక తను అంది, "అయినా అడుగుదాం" అని.

ఆయన ఓడల్లో పనిచేస్తాడు. ఫిలిప్పీన్స్‌లో ఇది మన ఊళ్లలో గల్ఫ్‌కి వెళ్లినంత మామూలు. ఆయన చెల్లెలి ద్వారా నంబరు దొరికింది. తను మాట్లాడుతుంటే నేను వేరే గదిలోకి వెళ్లిపోయా, కోడ్ చూస్తున్నట్టు నటిస్తూ. డబ్బు అడుగుతాడేమో, అడ్డం తిరుగుతాడేమో, పాపని చూడాలంటాడేమో అని నా బుర్రలో ఏవేవో తిరిగాయి. 11 నిమిషాలు మాట్లాడారు. ఓడ దిగాక మనీలాలో నోటరీ ముందు సంతకం పెట్టి పంపుతానన్నాడట. పాప ఇప్పటి ఫొటో ఒకటి పంపమన్నాడట. ఇంకేం అడగలేదు.

సంతకం వచ్చింది. నాకు సంతోషం వేయాలి కదా? వేసింది. దానికింద ఇంకేదో కూడా ఉంది, దానికి పేరు పెట్టలేకపోతున్నా. ఫొటో నేనే తీశా.

మిగతా దేశాలు గబగబా

అమెరికా సంగతి ఫ్రెండ్సంతా అడుగుతారు కాబట్టి చెప్తా. హెచ్‌4 వీసా భార్యకీ, 21 లోపు పిల్లలకే. పెళ్లి కాని పార్ట్‌నర్‌కి ఇవ్వరు. సవతి బిడ్డని బిడ్డగా ఒప్పుకుంటారు, కాకపోతే ఆ బిడ్డకి 18 నిండకముందే మీ పెళ్లి జరిగి ఉండాలి. ఇంకో విచిత్రం ఉంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డ్ క్యూ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది కదా, ఇండియా క్యూ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. భార్య వేరే దేశంలో పుట్టి, ఆమె కూడా కలిసి అప్లై చేస్తుంటే, ఆమె దేశం క్యూలో నిలబడొచ్చు. పిల్లలు పుట్టిన దేశం మాత్రం మనకి పనికిరాదు. ఈ మాట చెప్పగానే డల్లాస్‌లో ఉన్న మావాడు "అందుకేరా పెళ్లి చేసుకున్నావ్!" అని వాట్సాప్ గ్రూపంతా గోల చేశాడు. అయితే 2025 సెప్టెంబర్‌లో, అమెరికా బయట ఉన్నవాళ్లకి వేసే కొత్త హెచ్‌1బీలకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. నా మీద అంత పెట్టే కంపెనీ నాకు తెలిసి లేదు.

బ్రిటన్ పెళ్లి కాని జంటల్ని కూడా ఒప్పుకుంటుంది, రెండేళ్ల బంధం చూపించాలి. పాపకే కష్టం. తల్లిదండ్రులిద్దరూ అక్కడుండాలి, లేదా బిడ్డ బాధ్యత పూర్తిగా ఒక్కరిదే అని నిరూపించాలి. పాప ఇన్నేళ్లూ లోలా దగ్గర పెరిగితే 'బాధ్యత తల్లిదే' అని ఎలా చూపిస్తారు? స్కూలు టీచర్‌తో మాట్లాడిన మెసేజ్‌లు, డాక్టర్‌కి కట్టిన బిల్లులు... అలా ఒక్కో నిర్ణయం తల్లే తీసుకుందని పేర్చాలి. పైగా హెల్త్ సర్‌ఛార్జ్. 2024 ఫిబ్రవరిలో పెంచిన రేటు పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. ముగ్గురికి మూడేళ్లకి 8,538 పౌండ్లు, అదీ ముందే కట్టాలి. ఆ ట్యాబ్ అక్కడితో మూసేశా.

జర్మనీ బ్లూ కార్డ్ మంచి ఆప్షనే. భార్యకి జర్మన్ పరీక్ష అడగరు, వెళ్లిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. పెళ్లి మాత్రం తప్పనిసరి. పాప తన తల్లి పర్మిట్ ద్వారా వస్తుంది. మా ఇద్దరికీ నచ్చింది, పాపకి నచ్చలేదు. ఇంగ్లిష్, హిలిగైనాన్, తగలోగ్ తర్వాత నాలుగో భాష అంటే మొహం మాడ్చింది. అది కారణమా అంటే, మా ఇంట్లో కారణమే.

ఆస్ట్రేలియా పాయింట్స్ వీసాలో పెళ్లి లేకపోయినా 12 నెలలు కలిసున్న జంట చాలు, పార్ట్‌నర్ బిడ్డ కూడా కుటుంబం లెక్కలోకే వస్తుంది. ఒకరు మెడికల్‌లో ఫెయిలైతే అందరిదీ ఆగిపోతుంది, అది గుర్తుంచుకోండి.

మరి ఇండియా? అమ్మ ఆశ అదే. విదేశీ భార్యకి ఎంట్రీ వీసా ఇస్తారు, రిజిస్టరైన పెళ్లి రెండేళ్లు నిలిస్తే ఓసీఐ కార్డుకి అప్లై చేయొచ్చు. పాప సంగతే ఎటూ తేలదు. ఓసీఐ ఎవరెవరికి అని చట్టంలో ఉన్న జాబితాలో భార్య ఉంది, పిల్లలు, మనవలు, మునిమనవలు ఉన్నారు. సవతి బిడ్డ లేదు. మునిమనవడికి చోటుంది కానీ మా ఇంట్లో తిరిగే పిల్లకి లేదు!

సున్నా కొట్టి ఉంటే

ఇప్పుడు కెనడా. మాకు మిగిలిన దారిలో అదే నున్నగా కనిపించింది. ఏడాది పాటు ఆపకుండా కలిసున్న జంటని కామన్‌లా పార్ట్‌నర్స్ అంటారు, పెళ్లయినవాళ్లతో సమానం. పార్ట్‌నర్ బిడ్డ 22 లోపు ఉండి పెళ్లి కాకపోతే డిపెండెంటే. సొంతమా, సవతా అన్న తేడా అక్కడ లేదు.

నిజానికి మాకు పెళ్లి కాకముందే కామన్‌లాగా వెళ్లాలనుకున్నాం. రుజువులు తీయబోతే నవ్వులపాలయ్యాం. ఫ్లాట్ అగ్రిమెంట్ నా ఒక్కడి పేరు. కరెంటు బిల్లు నా పేరు. వైఫై నా పేరు. రెండేళ్లు కలిసున్నామనడానికి తన పేరు మీద వచ్చినవి ఆన్‌లైన్ షాపింగ్ పార్శిళ్లే. మీలో ఎవరైనా ఈ దారిలో ఉంటే ఇవాళే అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లు ఎక్కించండి, ఒక జాయింట్ అకౌంట్ తెరవండి.

ఇక కన్సల్టెన్సీ అతను చెప్పిన చిట్కా. అతనికి ఆ ఆలోచన ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది. తండ్రి సంతకం, కస్టడీ కాగితాలు లాంటి తలనొప్పులు ఉండవు, ఫైలు తొందరగా కదులుతుంది. ఇలాంటి షార్ట్‌కట్‌లు చాలా నడుస్తుంటాయి. పాయింట్ల కోసం పెళ్లినే దాచేవాళ్లున్నారు. ఎందుకంటే వయసుకి ఒంటరిగా వెళ్తే గరిష్ఠంగా 110 పాయింట్లు, భార్యతో వెళ్తే 100.

మన వృత్తి దోషం ఒకటుంది కదా, డాక్యుమెంటేషన్ చదవకుండా ప్రొడక్షన్‌లోకి పంపం. ఆ రాత్రి కెనడా ఇమిగ్రేషన్ నిబంధనలే తెరిచా. 117(9)(డి) అని ఒక క్లాజు. దాని సారం ఇది: మీరు పీఆర్‌కి అప్లై చేసినప్పుడు మీకున్న కుటుంబ సభ్యుణ్ని చెప్పకుండా, ఆఫీసర్ పరిశీలనకి పెట్టకుండా వదిలేస్తే, తర్వాత ఆ మనిషిని ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేసే అర్హత మీకు ఉండదు. వెంట తీసుకెళ్లకపోయినా పేరు చెప్పాలి, మెడికల్ చేయించాలి. కావాలని దాచినట్టు తేలితే అది వేరే నేరం, ఐదేళ్లు నిషేధం.

మూడుసార్లు చదివా. నా ఫారంలోని ఆ ఒక్క సున్నాతో తను అక్కడ, పాప ఇక్కడ. దాన్ని సరిచేసే బటన్ ఉండదు. ఆ క్లాజు స్క్రీన్‌షాట్ తీసి అతనికి పంపా. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు ఇప్పటికీ రాలేదు, కట్టిన అడ్వాన్స్ కూడా.

తనకి మాత్రం ఈ విషయం రెండు రోజుల తర్వాత చెప్పా. కోప్పడుతుందనుకున్నా. "నువ్వు ఒక్కడివే చదివావా? ఇకనుంచి ఇద్దరం చదువుదాం" అంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం డైనింగ్ టేబుల్ మీద ఇద్దరం ఫారాలు ముందేసుకుని కూర్చుంటాం, ఒకరు చదివితే ఇంకొకరు టిక్ పెడతాం.

ఇన్విటేషన్ వచ్చాక 60 రోజుల్లో అన్నీ అప్‌లోడ్ చేయాలి. ఇండియా నుంచి, సింగపూర్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి పోలీస్ సర్టిఫికెట్లు. మూడు ఇంటిపేర్లు ఎందుకో చెప్పే ఉత్తరం ఒకటి, అది తనే రాసింది. ఒక పేజీయే, చాలా బాగా రాసింది. తను కెనడాకి కదిలేముందు ఫిలిప్పీన్స్ ప్రభుత్వం నుంచి కౌన్సెలింగ్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. విదేశీయుణ్ని పెళ్లి చేసుకుని వలస వెళ్లేవాళ్లకి అది తప్పదు. నేను ఎలాంటివాణ్నో వాళ్లు అడుగుతారట. ఏం చెప్తుందో చూడాలి.

పాప మెడికల్‌కి మనీలా వెళ్లాల్సొచ్చింది. లోలాయే తీసుకెళ్లింది, కర్ర పట్టుకుని, విమానంలో. బయటికి వచ్చాక పాప వీడియో కాల్ చేసి అడిగింది, "టిటో, నేను పాసయ్యానా?" ఇది ఆ పరీక్ష కాదురా అని చెప్పినా నమ్మలేదు. మార్కులెన్నో కనుక్కోమంది.

ఫైలు వెళ్లి నాలుగు నెలలైంది. మామూలుగా ఆరు నెలలంటారు. పాస్‌పోర్టులు పంపమనే మెయిల్ కోసం రోజుకి ఎన్నిసార్లు ఇన్‌బాక్స్ చూస్తానో చెప్పను. ఇలోయిలోలో సెకండ్ హ్యాండ్ బట్టల కొట్లుంటాయి, ఉకాయ్ ఉకాయ్ అంటారు. మొన్న లోలా అక్కడికెళ్లి పాపకి ఓ చలికోటు కొనుక్కొచ్చింది. 32 డిగ్రీల ఎండలో అది వేసుకుని పాప ఫొటో పంపింది. చేతులు కోటులో ఎక్కడో ఉన్నాయి, బయటికి కనపడట్లేదు. అంత పెద్దది ఎందుకు కొన్నావని తను అడిగితే, "మెయిల్ ఎప్పుడొస్తుందో తెలీదుగా, అప్పటికి సరిపోవాలి" అందట లోలా.